దేవుడి అత్తింటివారికి అడవిలో చోటు లేదట!

డబ్బు కట్టినవాడు పులులు తిరిగే అడవిలో రాత్రి పడుకుంటే దాని పేరు సాహసయాత్ర. అదే అడవిలో పుట్టినవాడు తన గుడిసెలో తాను పడుకుంటే దాని పేరు ఆక్రమణ. ఈ సిగ్గుమాలిన లెక్క గురించే నేను రాస్తున్నాను. నచ్చనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. కోపం వచ్చినవాళ్లు మాత్రం చివరిదాకా చదవాలి. ఇందులో ఎక్కువ భాగం మీ గురించే.

నల్లమల సంగతి చెబుతున్నాను. 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది, రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం, అటు అమ్రాబాద్ అని రెండు పులుల అభయారణ్యాలుగా చీలింది. పులికి ఈ చీలికతో పని లేదు. ఏరు ఈదుకుని ఎటు కావాలంటే అటు పోతుంది. ఆ అడవిలోనే పుట్టిన చెంచుకి మాత్రం తెలిసొచ్చింది. తనని పొమ్మనే ఆఫీసులు ఇప్పుడు రెండు.

ఆ అడవిలో ఒక పాత కాలిబాట ఉంది. ఆత్మకూరు పక్కన వెంకటాపురంలో మొదలై, నాగలూటి వీరభద్రుడి గుడి మీదుగా, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం దాటి శ్రీశైలం చేరుతుంది. రెడ్డిరాజులు వేయించారని చెప్పుకునే రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు మూటలు నెత్తిన పెట్టుకుని ఈ దారినే నడుస్తారు. మిగతా రోజుల్లో అటవీశాఖవారి గేటు, తాళం. వందల ఏళ్లుగా జనం నడుస్తున్న ఈ బాటని ఈమధ్య కొందరు కనిపెట్టారు, వాస్కోడిగామా ఇండియాని కనిపెట్టినట్టు.

హైదరాబాద్‌లో ఎక్కించుకుంటారు. గైడుతో మూడు రోజుల నడక, గుడారాలు, స్లీపింగ్ బ్యాగులు, 'పులి ఇలాకాలో రెండు రాత్రులు', ఆఖరికి స్వామివారి దర్శనం. పుణ్యమూ పురుషార్థమూ ఒకే రేటుకి. దీనికి అనుమతి ఎవరిచ్చారని అడక్కండి. శివరాత్రి గుంపులో కలిసిపోతే ట్రెక్కరు కూడా భక్తుడే, మెడలో ఒక రుద్రాక్ష వేలాడితే సరి. నేనూ డబ్బు కట్టి వెళ్లాను. చూడకుండా తిట్టడం నాకు చేతకాదు.

బయల్దేరే ముందు అందరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. పాము కరిచినా, ఎలుగు కొట్టినా, కాలు జారి లోయలో పడినా నిర్వాహకులకు సంబంధం లేదని. మా గుంపులో ఒకాయన ఆ సంతకం పెడుతూ సెల్ఫీ తీసుకున్నాడు. మా అందరికంటే ముందు నడవాల్సిన చెంచు పెద్దాయన చేత మాత్రం ఎవరూ సంతకం పెట్టించలేదు. ఆయనకి ఏదైనా అయితే ఎవరికి సంబంధమో అసలు ప్రశ్నే రాలేదు. ఆయన ప్రాణం ఆ లెక్కలోకే రాలేదన్నమాట.

నాగలూటి దాటాక ఒకచోట ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. బాట మధ్యలో నల్లగా పెంట. పుల్లతో విడదీసి చూపించాడు. సగం రేగుగింజలు, సగం చెదల తలకాయలు. "ఎలుగ్గొడ్డు సార్. తెల్లారుజామున పోయింది. వంకలో నీళ్లు తాగి అటు ఎక్కింది" అన్నాడు. ఇంకొంచెం పైన ఒక మద్దిచెట్టు. నా ఛాతీ ఎత్తున బెరడు మీద నాలుగు నిలువు గీతలు, గీతల్లోంచి కారిన జిగురు ఇంకా వేలికి అంటుతోంది. ఆయన ఏమీ చెప్పలేదు. చెట్టుకి అటువైపు తిరిగి వాసన చూసి, మమ్మల్ని దూరంగా ఇంకో దారిన తిప్పాడు. మా ట్రెక్ లీడరు, ముప్పై నిండని కుర్రాడు, ఆయన చూపించినదాన్నే మళ్లీ మాకు ఇంగ్లీషులో వివరించి చప్పట్లు కొట్టించుకున్నాడు. 'అడవిని నిశ్శబ్దంగా అనుభవించాలి' అని క్లాసు కూడా పీకాడు. ఆ రాత్రి పెచ్చెరువు దగ్గర ఆ లీడరుగారి స్పీకర్లో పన్నెండింటిదాకా సినిమా పాటలు.

గుడారాలు మాకు సరిపోయాయి. గైడుకి లేదు. ఆయన మంట పక్కన తువ్వాలు పరుచుకున్నాడు. నేను పక్కన కూర్చుని, పులి కనపడుతుందా అని అడిగాను. ఎవరైనా అడిగేదే.

"మీరు పులి కనపడాలని దుడ్లిస్తారు సార్. మేము కనపడకుండా పోవాలని మొక్కుకుంటాం."

ఆయన మూడు రోజుల కూలి మేం ఒక్కొక్కరం కట్టినదాంట్లో పదో వంతు లేదు. అడిగి తెలుసుకున్నాను. ఇకపోతే చివరి రోజు కైలాసద్వారం దగ్గర మా అందరికీ సర్టిఫికెట్లు పంచారు. 'నల్లమలను జయించినందుకు' అట! ఆ సర్టిఫికెట్ల కట్టని మూడు రోజులు వీపున మోసింది ఆయనే. ఆయనకి మాత్రం సర్టిఫికెట్ లేదు. పుట్టినప్పటి నుంచీ నడుస్తున్నాడు కదా, జయించడమేముంది! ఆ సంస్థ కరపత్రంలో మొదటి పేజీ ఫోటో కూడా ఆయనదే. కింద 'అడవి బిడ్డ' అని వేశారు. పేరు వేయలేదు. పేరు వేస్తే మనిషైపోతాడు, మనిషైతే వాటా అడుగుతాడు.

ఇది ఒక్క దగాకోరు సంస్థ సంగతి అనుకుని ఊపిరి పీల్చుకోకండి. ఆ కుర్రాడు చేసింది చిన్న దొంగతనం. పెద్దది వేరే ఉంది, దాన్ని చట్టం పేరుతో, పులి పేరుతో, మీ పేరుతో చేస్తున్నారు.

2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. దేశంలోని పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 గ్రామాలున్నాయి, 64,801 కుటుంబాలున్నాయి, వాళ్లని తరలించే పని వేగంగా కానివ్వండి అని. అమ్రాబాద్ వైపు సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊళ్ల పేర్లు అప్పటికే జాబితాలో నలుగుతున్నాయి. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. అంతా 'స్వచ్ఛందం' అని నొక్కి చెబుతారు. ఆ స్వచ్ఛందం ఎలా పండుతుందో చూడండి. రోడ్డు అడిగితే పులి అడ్డం. కరెంటు అడిగితే పులి అడ్డం. బోరు అడిగితే ఫైలు ఢిల్లీలో ఉంది. పురిటినొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద మోసుకెళ్లాలి. ఏళ్లకి ఏళ్లు ఇలా ఎండగట్టి, ఒకరోజు సూటు వేసుకున్న ఆఫీసరు వచ్చి "ఇక్కడ ఏముందని ఉంటారు?" అని జాలిగా అడుగుతాడు. అలసిపోయినవాడు తలూపుతాడు. ఫైల్లో రాసుకుంటారు, వాళ్లే వెళ్తామన్నారు అని.

పులికోసం మనుషుల్ని ఇంత కష్టపెడుతున్న ప్రభుత్వాలకి పులిమీద నిజంగా అంత ప్రేమ ఉందేమో చూద్దాం రండి.

2019 మే నెలలో ఇదే అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకి కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా పచ్చజెండా ఊపింది. ప్రతిపాదనలో 4,000 బోర్లు. నాలుగు వేలు! రిగ్గులు, లారీలు, జనరేటర్లు, రోడ్లు. జనం రోడ్డెక్కి, 'సేవ్ నల్లమల' అని ఊరూవాడా గోలపెట్టి, సినిమావాళ్లు కూడా గొంతు కలిపాక, ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. సంతోషం. కానీ అనుమతి ఇచ్చిన పెద్దలు ఆ రోజు లెక్క ఏ పుస్తకంలో చూశారో చెప్పండి. నాలుగు వేల బోర్లు దింపితే పులికి ఇబ్బంది లేదు. చెంచు ముసలమ్మ నూలగడ్డ కోసం గునపం దింపితే పులి నిద్ర చెడిపోతుంది. అదీ గడ్డ తవ్వుకుని తీగ తలని మళ్లీ మట్టిలో పూడ్చిపెట్టి వచ్చే ముసలమ్మ!

ఇంకొకటి. 2012లో సుప్రీంకోర్టు కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని కొన్ని నెలలు ఆపేసింది. దేశమంతా రిసార్టులవాళ్లు గుండెలు బాదుకున్నారు. ఆ అక్టోబర్‌లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, కోర్‌లో 20 శాతం దాకా పర్యాటకానికి వాడుకోవచ్చని. మనుషులెవరూ ఉండకూడని పవిత్ర స్థలంలో ఐదో వంతు టికెట్టు కొన్నవాడిది. అంటే అభ్యంతరం మనిషి మీద కాదు, టికెట్టు లేని మనిషి మీద!

అవును, ఇప్పుడు మీరు నోరు తెరుస్తారు, నాకు తెలుసు. "అయ్యా, చెంచులు వేటాడతారు, వాళ్లుంటే పులులు బతకవు." ఈ మాట ఎక్కువగా ఎవరి నోట వస్తుందో గమనించాను. తాతల ఇంట్లో గోడకి దుప్పికొమ్ములున్నవాళ్ల నోట. నల్లమలలో పులుల్ని సరదాకి కాల్చింది విల్లంబులవాళ్లా? ఫరహాబాద్ ఎవరి వేట విడిది? నవాబులు, దొరలు, జమీందార్లు చచ్చిన పులి మీద బూటు కాలు పెట్టి ఫోటోలు దిగుతున్న రోజుల్లో చెంచు అదే అడవిలో గడ్డలు తవ్వుకుంటున్నాడు. పులికి విషం పెట్టించే, చర్మాన్ని సరిహద్దు దాటించే వ్యాపారికి పెంటలో, అంటే చెంచుగూడెంలో, గుడిసె ఉండదు, పట్నంలో మేడ ఉంటుంది. అడవిలో వలలు, ఉచ్చులు ఏరి తెచ్చేది, కెమెరాలు కట్టేది, పులి అడుగులు కొలిచేది చెంచు వాచర్లే కదా? జీతానికి పనికొచ్చిన కళ్లు, కాపురానికి పనికిరావా?

కావాలంటే కర్ణాటక వెళ్లి చూసి రండి. బిళిగిరి రంగన కొండల్లో సోలిగలకి 2011లో, పులుల అభయారణ్యంలో ఉండగానే, సాముదాయక అటవీహక్కులు ఇచ్చారు. కొండలు కూలిపోలేదు. పులులు తగ్గలేదు సరికదా పెరిగాయి. ఇది చెబితే మా పర్యావరణ మిత్రులు వెంటనే విషయం మారుస్తారు. వాతావరణ మార్పు గురించి మాట్లాడదాం అంటారు. మాట్లాడదాం, ముందు దీనికి జవాబు చెప్పండి.

"వాళ్ల పిల్లలకి బడి వద్దా? ఆస్పత్రి వద్దా?" ఇది రెండో రకం, మెత్తగా గొంతు కోసే రకం. కావాలి. ఎందుకు వద్దు? అదే అడవి మధ్యలో డ్యాం కట్టారు, పవర్‌హౌస్ పెట్టారు, కాలనీలు కట్టారు, గుడికి నాలుగు వైపుల నుంచి బస్సులు వేశారు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసినా పగలంతా కార్లు బారులు తీరేలా రోడ్డు పరిచారు. ఇన్ని మోసుకెళ్లిన చేతులకి ఒక పంతులమ్మని, ఒక నర్సుని పెచ్చెరువుకి పంపడం బరువైందా? బడి కావాలంటే ఊరు వదలాలన్న షరతు మీ పిల్లలకి పెట్టారా ఎవరైనా?

1940లో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు వచ్చి ఈ చెంచుల మధ్య కాపురమున్నాడు, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆయన సలహా మీద నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమిలో చెంచులకోసమే అడవిలో కొంత భాగాన్ని ప్రత్యేకించింది. రాచరికం! జాగీర్లు, వెట్టిచాకిరీ నడిపిన రాచరికానికి తట్టిన ఆ కాస్త బుద్ధి, ఓట్లడిగి గద్దెనెక్కినవాళ్లకి తట్టలేదు.

ఇక భక్తశిఖామణుల దగ్గరికి వస్తాను. అహోబిలం నరసింహుడు ఎవరిని పెళ్లాడాడు? చెంచులక్ష్మిని. సంక్రాంతి వెళ్లాక పారువేట పేరుతో స్వామి పల్లకీ ఎక్కి ఊరూరా తిరిగి, మా పెళ్లికి రండని పిలుస్తాడు. మీరు హారతులిస్తారు. శ్రీశైలం మల్లన్నని చెంచులు తమ అల్లుడంటారు, చెంచు మల్లయ్యంటారు. 1958లో నాగేశ్వరరావు, అంజలీదేవి చెంచులక్ష్మి కథ ఆడితే తెలుగుదేశమంతా విరగబడి చూసింది. బళ్లో వార్షికోత్సవానికి మీ అమ్మాయికి ఆకులు చుట్టి, ఈకలు గుచ్చి చెంచులక్ష్మి వేషం కట్టించి వీడియో తీసుకున్నారు. దేవుడికి పిల్లనిచ్చినప్పుడు వాళ్లు వియ్యంకులు. పట్టా అడిగినప్పుడు ఆక్రమణదారులు. దేవుడి అత్తింటివాళ్లని అడవిలోంచి గెంటి, ఆ అడవిలో అల్లుడికి కల్యాణం చేస్తారా? రోజూ? టికెట్టు పెట్టి?

శివరాత్రి నడకదారిలో మీరు పారేసిన నీళ్ల ప్యాకెట్ల గురించి ఇప్పుడు మాట్లాడను. దుప్పి కడుపులోకి పోయాక అవే మాట్లాడతాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లల గురించి ఒక్క ముక్క. యోసెమిటీలో వీపున సంచులు వేసుకుని నాలుగు రోజులు నడిచి, ఎలుగులకి అందకుండా అన్నాన్ని డబ్బాలో బిగించి, 'ఇక్కడ మనిషి జాడే లేదు' అని ఫోటోలు పెడుతుంటారు. ఎందుకు ఉంటుంది నాయనా? 1851లో మారిపోసా బెటాలియన్ తుపాకులతో దిగి అహ్వానీచీ జనాన్ని ఆ లోయలోంచి తరిమింది. జాడ లేకుండా చేశాక జాడ లేదని మురిసిపోవడం! 1872లో ఎల్లోస్టోన్‌తో ఈ పద్ధతికి చట్టం ముద్ర పడింది. జనం ఉన్న అడవిని ఖాళీ చేయి, ఖాళీగా ఉందని పాట కట్టు, ఆ పాటకి టికెట్టు పెట్టు. మనవాళ్లు ఈ విద్యని నూటయాభై ఏళ్ల తర్వాత నల్లమలలో అచ్చుగుద్దినట్టు దించుతున్నారు. పైగా ఇదే ఆధునికం అంటున్నారు.

సాహసం అన్నారు కదా, అసలు సాహసం ఏమిటో ఆ చలిమంట దగ్గర విన్నాను. కొండచరియ కింద పెద్దతేనె పట్టు ఉంటుంది. పైనుంచి తాడు నిచ్చెన వదులుతారు. రాత్రి, చీకట్లో, పొగ పెట్టుకుంటూ ఒకడు దిగుతాడు. కింద వందల అడుగుల లోయ. పైన తాడు దగ్గర కాపలా ఉండేది ఎవరో తెలుసా? సొంత తమ్ముడు కాడు. బావమరిది. తాడు వదిలితే అక్క ముండమోస్తుందని వాడికి తెలుసు, ఇంకెవరికైనా మనసు మారొచ్చు. బావమరిది బతకగోరతాడని మనం పెళ్లిళ్లలో నవ్వుకుంటూ అనే మాటని ఆ మనిషి లోయ మీద వేలాడుతూ నమ్ముతాడు. అలా తెచ్చిన తేనె గిరిజన సహకార సంస్థ సీసాలో మీ ఇంటికొస్తుంది, మీరు నిమ్మకాయ పిండుకుని పొట్ట తగ్గించుకుంటారు. తపసి బంకదీ అదే కథ. ఆ తాడు కింద ఇన్సూరెన్సు కాగితం లేదు, సర్టిఫికెట్ లేదు. అడవి నుంచి వెళ్లగొడితే ఆ తాడూ ఉండదు. ఏదో ఊరి చివర ఇందిరమ్మ ఇల్లు, పత్తిచేలో కూలి, సాయంత్రం సారా.

మీరు నడకకి వెళ్లొద్దని నేను అనడం లేదు. అడవి చూడాలన్న ఆశ మంచిదే, అది లేనివాడితో నాకు మాటల్లేవు. రేసుకుక్కల గుంపు వంక దాటుతుంటే చూసినవాడికి మాల్ ఎక్కదు. బెట్టుడత ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి దూకుతుంటే నోరు తెరుచుకుని చూశాను నేనూ. అయితే మీ గైడు మీకు పనివాడా, ఇంటాయనా అన్నది ముందు తేలాలి. 2006 అటవీహక్కుల చట్టం ఈ దేశంలో అమల్లో ఉంది, పులుల అభయారణ్యాల్లోనూ ఉంది. అడవి మీద సాముదాయక హక్కులు గ్రామసభవి. అక్కడినుంచి ఎవరినైనా కదపాలంటే ముందు వాళ్ల హక్కులు తేల్చాలి, గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇది నా కవిత్వం కాదు, పార్లమెంటు చేసిన చట్టం. ఆ చట్టం స్ఫూర్తిని పట్టించుకుంటే నడకల రేటు పెంట పెద్దలు పెట్టాలి, ఎందరిని రానివ్వాలో వాళ్లు చెప్పాలి, ఎండాకాలం నీటిగుంటల దగ్గరికి రావద్దంటే మీరు నోరు మూసుకుని వెనక్కి తిరగాలి. డబ్బు వాళ్ల సంఘం ఖాతాలో పడాలి. హైదరాబాద్ కుర్రాడు కావాలంటే బస్సు బుక్ చేసి కమీషన్ తీసుకోవచ్చు.

ఈసారి అలాంటి ప్యాకేజీ మీ ఫోనుకి వస్తే కట్టే ముందు మూడు ప్రశ్నలు వేయండి. నన్ను నడిపించే మనిషి పేరేమిటి? ఆయన చేతికి ఎంత ఇస్తున్నారు? ఆయన ఊరి గ్రామసభ దీనికి ఒప్పుకున్న కాగితం ఏది? మర్యాదగానే అడగండి. జవాబు రాదు, మిమ్మల్ని గుంపులోంచి తీసేస్తారు. అదృష్టం. ఆ డబ్బు జేబులో పెట్టుకుని శివరాత్రికి వెంకటాపురం వచ్చి మామూలు జనంతో నడవండి. టికెట్టు లేదు, సర్టిఫికెట్టు లేదు. మీ మూట మాత్రం మీరే మోసుకోవాలి.